వైరు కలపడం తేలికే, ఫైలు రాబట్టడమే కష్టం

తెల్లాపూర్‌లో మా మావయ్య వాళ్ల విల్లాలో లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్లు, గీజర్లు అన్నీ కేఎన్‌ఎక్స్ మీద నడుస్తాయి. అంటే ఇంట్లో స్విచ్చులు, పరికరాలు అన్నీ 'బస్' అనే ఒకే ఉమ్మడి తీగ మీద మాట్లాడుకునే పద్ధతి. ఇల్లు కట్టేటప్పుడే ఒక ఇంటిగ్రేటర్ కంపెనీ (ఈ పరికరాలన్నీ బిగించి, ప్రోగ్రాం చేసి ఇచ్చేవాళ్లు) చేసిపెట్టింది. మొన్నామధ్య డాబా మీద సోలార్ పెట్టించుకున్నాక మావయ్యకి ఒక కోరిక పుట్టింది: మధ్యాహ్నం ఎండ మండిపోతూ కరెంటు మిగులుతున్నప్పుడే గీజర్లు వేడెక్కాలి, సాయంత్రం గ్రిడ్ కరెంటుతో వద్దు. సోలార్ ఇన్వర్టర్‌కి తన లెక్క తనకి తెలుసు, గీజర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలేకి తన పని తనకి తెలుసు. ఇద్దరికీ మధ్య మాట కలపడానికి ఒక కంప్యూటర్ కావాలి. కంపెనీని అడిగితే వాళ్ల సర్వర్ కొనుక్కోమని కొటేషన్ పంపారు. అది చూసి మావయ్య, "ఒరే, నువ్వు చేసేది ఇలాంటి పనే కదా, ఆ అరచేతిలో పట్టే కంప్యూటరేదో పెట్టి కానిచ్చెయ్యలేవూ?" అన్నాడు.

సరే అని, కంపెనీవాళ్లని ఈటీఎస్ (కేఎన్‌ఎక్స్ పరికరాల్ని ప్రోగ్రాం చేసే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు ఫైలు అడిగాను. వాట్సాప్‌లో జవాబొచ్చింది: "ప్రాజెక్ట్ ఫైల్ మా ఇంటలెక్చువల్ ప్రాపర్టీ సార్. కస్టమర్స్‌కి షేర్ చేయం."

ఈ పోస్టు ఆ వాక్యానికి జవాబు. ఇంటి బస్‌కి కంప్యూటర్ తగిలించడం గురించి ఎవరు రాసినా ఏ ఇంటర్‌ఫేస్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి అని రాస్తారు. అసలు అడగాల్సింది ఫైలు ఎవరి దగ్గరుంది అని. అది ఇంటివాళ్ల దగ్గర ఉండాలి, ఇల్లు అప్పగించిన రోజే చేతికి రావాలి అని నా అభిప్రాయం.

వైరు సంగతి

దీన్ని ముందే తేల్చేద్దాం, ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. డీబీలోని (బ్రేకర్లుండే పెట్టెలోని) బస్ పవర్ సప్లై నుంచి పచ్చ తొడుగున్న కేబుల్ ఇల్లంతా తిరుగుతుంది. లోపల ఎరుపు, నలుపు తీగల జత మీద 30 వోల్టుల డీసీ. ఆ డీసీ మీదే సెకనుకు 9600 బిట్ల వేగంతో పరికరాలు మాట్లాడుకుంటాయి. (మన ఎలక్ట్రీషియన్లకి పచ్చ అంటే ఎర్త్, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. ఈ కేబుల్‌లో మూడు రంగులూ ఉన్నాయి, ఒక్కదానికీ ఆ అర్థం లేదు. కాలనీ ఎలక్ట్రీషియన్ ఒకసారి మావయ్య డీబీ తలుపు తీసి, కాసేపు చూసి, "ఇది మన లైను కాదు సార్" అని మూసేశాడట. తెలివైనవాడు.)

కంప్యూటర్‌ని కలపడానికి ఒకప్పుడు సీరియల్ పోర్టు, తర్వాత యూఎస్‌బీ, ఇప్పుడు ఐపీ ఇంటర్‌ఫేస్ (బస్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె). టంకం సరదా ఉన్నవాళ్లు బస్‌తో మాట్లాడే టీపీ-యూఆర్ట్ చిప్ ఉన్న బోర్డుని తెచ్చి నేరుగా రాస్‌బెరీ పై (మావయ్య చెప్పిన అరచేతి కంప్యూటర్) పిన్నులకు కలుపుతారు. అలా చేస్తే బస్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఐసొలేషన్ (కరెంటు ఒకదాన్నుంచి ఇంకోదానికి పారని ఏర్పాటు) ఉండి తీరాలి, బస్‌ని ఎర్త్‌కి తగలనివ్వకూడదు. సొంత ఇంట్లో ప్రయోగానికి బాగుంటుంది కాని పెద్దవాళ్లుండే ఇంట్లో వద్దంటాను. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అయితే కేఎన్‌ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని నెట్‌వర్క్ మీద పంచిపెడుతుంది. వియన్నా టెక్నికల్ యూనివర్సిటీలో పుట్టిన ఈఐబీడీకి అది వారసురాలు. నా ఓటు మాత్రం ఐపీ ఇంటర్‌ఫేస్‌కే. యూడీపీ 3671 పోర్టు మీద ఒక టన్నెల్ (నెట్‌వర్క్ మీదుగా బస్‌లోకి దారి) తెరుచుకుంటే చాలు, కంప్యూటర్ ఇంట్లో ఎక్కడైనా ఉండొచ్చు. కొనేముందు ఎన్ని టన్నెళ్లు ఇస్తుందో చూసుకోండి. కొన్నిటిలో ఒక్కటే ఉంటుంది. దాన్ని మన కంప్యూటర్ పట్టుకు కూర్చుంటే ఈటీఎస్‌తో వచ్చినవాళ్లకి దారుండదు.

మావయ్య ఇంట్లో ఐపీ ఇంటర్‌ఫేస్ ముందే ఉంది. రాస్‌బెరీ పై మీద హోమ్ అసిస్టెంట్ అనే ఇంటిని నడిపే సాఫ్ట్‌వేర్ వేసి, ఆ ఇంటర్‌ఫేస్‌ని చూపించాను. అత్తయ్య ఇచ్చిన టీ చల్లారకముందే టెలిగ్రాములు, అంటే బస్ మీద పరికరాలు పంపుకునే చిన్న సందేశాలు, రావడం మొదలైంది.

వినపడుతుంది, అర్థం కాదు

తెర మీద వచ్చిన ఒక వరుస ఇలా ఉంది: 1.1.14 నుంచి 3/1/7కి, విలువ రెండు బైట్లు, 13, 145.

1.1.14 అనేది పంపిన పరికరం. 3/1/7 గ్రూప్ అడ్రస్, అంటే ఈ మాట ఎవరికి కావాలో వాళ్లంతా చెవులు పెట్టుకునే చోటు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ 13, 145 ఏమిటి? ఉష్ణోగ్రత అనుకుని కేఎన్‌ఎక్స్ పద్ధతిలో విప్పితే మూలసంఖ్య 1425, ఘాతం 1, దాన్ని 0.01తో, 2తో గుణిస్తే 28.5 డిగ్రీలు. హైదరాబాద్‌లో గదికి నప్పే సంఖ్యే. మామూలు లెక్కింపు సంఖ్య అనుకుంటే అవే రెండు బైట్లు 3473, నీళ్ల మీటర్ రీడింగ్ కూడా అయ్యుండొచ్చు. ఏది నిజమో టెలిగ్రామ్ చెప్పదు, చెప్పడానికి అందులో చోటే లేదు. ఒక్క బిట్టు విలువలైతే మరీ అన్యాయం. లైటుకి 1 అంటే వెలగడం, బ్లైండుకి 1 అంటే కిందికి దిగడం.

ఇది లోపం కాదు. ఇంత నెమ్మది తీగ మీద ఒక చిన్న టెలిగ్రామ్ వెళ్లి రసీదు రావడానికే దాదాపు 20 మిల్లీసెకన్లు పడుతుంది. పేర్లు, రకాలు కూడా మోసుకుపొమ్మంటే స్విచ్ నొక్కాక లైటు వెలిగే లోపల ఆలోచనలో పడతాం. అందుకే బస్ మీద అంకెలు మాత్రమే నడుస్తాయి. "3/1/7 అంటే పెద్ద బెడ్‌రూమ్ ఉష్ణోగ్రత" అనే సంగతి ఈటీఎస్ ఫైల్లో ఉంటుంది. ఇంట్లో ఎక్కడా ఉండదు.

ఫైలు లేదు కాబట్టి ఆ ఆదివారం అత్తయ్య మేడ మీద, నేను కింద లాప్‌టాప్ ముందు, మధ్యలో ఫోను స్పీకర్లో.

"నొక్కానురా."

"ఏది నొక్కావు అత్తయ్యా?"

"పూజగది పక్కది."

"పై బటనా, కింది బటనా?"

"నాకు రోజూ వెలిగే బటన్!"

అత్తయ్యకి బటన్‌ని గట్టిగా, నిదానంగా అదిమే అలవాటు. అది లాంగ్ ప్రెస్ అయి, ఒక్కసారిగా తెర మీద పది పదిహేను వరుసలు పరిగెత్తాయి. ఇల్లంతా ఆరిపోయింది. బాత్రూమ్‌లోంచి మావయ్య "కరెంటు పోయిందా?" అని కేక. ఆ బటన్ కింద 'అన్నీ ఆఫ్' ఉందని ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కంపెనీలో ఆ పని చేసిన కుర్రాడికి తెలిసే ఉంటుంది, కాని అతను ఉద్యోగం మారిపోయాడు.

ఇలా ఇల్లంతా తిరిగితే లైట్ల మ్యాపు వస్తుంది. చాలామంది అలాగే చేసుకుంటున్నారు కూడా. అంతదానికి ఫైలు కోసం గొడవ ఎందుకు అని మీరడగొచ్చు.

గీజర్ ఆన్‌లో ఉందా?

ఎందుకంటే వినడం సగం పనే. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ మళ్లీ మొదలవుతుంది. మొదలవగానే దానికి కావలసింది ప్రస్తుత స్థితి: గీజర్ ఇప్పుడు ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా? బస్ మీద చదివే అభ్యర్థన పంపుతుంది. జవాబు రావాలంటే రిలేలో ఆ స్టేటస్ ఆబ్జెక్టుకి ఒక గ్రూప్ అడ్రస్ తగిలించి ఉండాలి, దాని మీద రీడ్ ఫ్లాగ్ (అడిగితే జవాబివ్వమనే టిక్కు) పెట్టి ఉండాలి. మావయ్య ఇంట్లో గీజర్ల స్టేటస్‌కి అసలు అడ్రసే ఇవ్వలేదు. అప్పట్లో ఎవరికీ అవసరం పడలేదు, వాళ్ల తప్పేమీ కాదు. కాని ఇప్పుడు మా కంప్యూటర్ ఊహ మీద బతుకుతోంది. తను ఆన్ చేసింది కాబట్టి ఆన్‌లోనే ఉందనుకుంటుంది. ఈలోపు రిలే తన దారిన తను టైమర్‌తో ఆపేసినా దీనికి తెలియదు.

ఫైలుంటే ఈటీఎస్ వచ్చినవాళ్లకి ఇది టీ తాగేంత పని. లేకపోతే? ఈటీఎస్ పరికరంలోకి తన దగ్గరున్నది దింపుతుంది. పరికరంలో ఉన్నది చదివి మొత్తం ప్రాజెక్టుని తిరిగి అల్లిపెట్టడం దాని పని కాదు. ఏ ఆబ్జెక్టు ఏ అడ్రస్‌కి ముడిపడి ఉందో కొంత వెలికితీసే ఉపకరణాలున్నాయి, కాని పేర్లు పరికరంలో ఉండవు, వాటిని ఎవరూ తీయలేరు. కాబట్టి ఒక్క టిక్కు పెట్టడం కోసం ఆ రిలేలోని ఛానళ్లన్నిటినీ మొదటి నుంచి ప్రోగ్రాం చేయాలి. దేని టైమర్ ఎంతో, ఏ సీన్‌లో (ఒక్క నొక్కుతో కలిసి మారే అమరికలో) ఏముందో ఊహించి మరీ.

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. కేఎన్‌ఎక్స్ అమ్మేటప్పుడు ప్రతి బ్రోషర్‌లో కనపడే మాట 'ఓపెన్ స్టాండర్డ్'. అందులో అబద్ధమేమీ లేదు. 1999లో మూడు యూరోపియన్ పద్ధతులు, ఈఐబీ, బాటీబస్, ఈహెచ్‌ఎస్ కలిసి ఒక్కటయ్యాయి. తర్వాత అది ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అయింది. ఒక కంపెనీ స్విచ్చు ఇంకో కంపెనీ రిలేతో నేరుగా మాట్లాడుతుంది, మధ్యలో పెద్ద మెదడంటూ ఏదీ అక్కర్లేదు. ఏ తయారీదారుకీ కట్టుబడక్కర్లేదని డబ్బు ఎక్కువైనా మావయ్య దీన్నే ఎంచుకున్నాడు. తయారీదారు నుంచి విడుదలైతే దొరికింది, వెళ్లి ఇంటిగ్రేటర్ చేతిలో పడ్డాడు.

కంపెనీ వైపు నుంచి

ఇదే వ్యాపారంలో ఉన్న ఒక స్నేహితుడితో ఈ మాటే వాదించాను. అతను చెప్పినవి కొట్టిపారేయదగ్గవి కావు.

"నీలాంటి మేనల్లుడు ప్రతి ఇంట్లో ఉంటాడు. లేదా అమెరికా నుంచి కొడుకు దిగుతాడు. ఫైలు తీసుకుని ఏదో కెలుకుతాడు, సెలవు అయిపోగానే ఫ్లైట్ ఎక్కేస్తాడు. సోమవారం అంకుల్ మాకు ఫోన్ చేస్తాడు, లైట్లు పనిచేయట్లేదు, వారంటీలో ఉంది కదా అని. ఏది మేం చేసిందో, ఏది వాడు చేసిందో ఎవరు తేల్చాలి?"

నిజమే. దీనికి మందు ఫైలు దాచుకోవడం కాదు, ఇచ్చిన రోజు తేదీ వేసి ఒక కాపీ తమ దగ్గర పెట్టుకోవడం. తేడా వస్తే ఆ కాపీనే దింపి, చేసిన పనికి డబ్బు అడగొచ్చు. "మార్పులు చేస్తే ఉచిత సర్వీసు ఉండదు" అని రాయించుకున్నా తప్పనను.

రెండోది శ్రమ. ఎన్నో ఇళ్లు చేసి నేర్చుకున్న టెంప్లేట్లు, అడ్రస్‌ల అమరిక, సీన్ల తర్కం ఆ ఫైల్లో ఉన్నాయి, పోటీ కంపెనీ చేతికి పోతే ఎలా అంటాడు. ఇక్కడ నేను సగం ఒప్పుకుంటాను. సర్వర్‌లో వాళ్లు రాసుకున్న స్క్రిప్టులు వాళ్లవే. పెళ్లి వంటాయన తన మసాలా పాళ్లు చెప్పకపోతే ఏమీ అనం, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో చెప్పకుండా వెళ్లిపోతానంటే మాత్రం ఊరుకోం. ఈ ఇంట్లో ఏ బటన్ ఏ రిలేని నడుపుతుందన్నది రెండో జాతి సమాచారం.

మూడోది భద్రత, నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పడేసింది ఇదే. మామూలు కేఎన్‌ఎక్స్‌లో ఎవరు మాట్లాడుతున్నారో అడిగే అలవాటు లేదు, బస్ మీదకి వచ్చిన ప్రతి మాటా చెల్లుతుంది. 2014లో హెసూస్ మొలీనా అనే భద్రతా నిపుణుడు చైనాలోని షెన్‌జెన్‌లో ఒక పెద్ద హోటల్లో దిగి, గదిలో ఇచ్చిన ఐప్యాడ్ పంపే సందేశాలను గమనించి, అదే దారిలో మిగతా గదుల్నీ నడపొచ్చని బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సభలో చూపించాడు. 2021లో జర్మనీలో ఇంకా ఘోరం. ఒక ఆఫీసు భవనం ఐపీ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేశారు. ఎవరో లోపలికొచ్చి ముప్పావు వంతు పరికరాల్ని ఖాళీ చేసి, బీసీయూ కీ అనే నాలుగు బైట్ల తాళం వేసి పోయారు. లైట్లు వేసుకోవాలంటే డీబీ దగ్గరికెళ్లి బ్రేకర్లు ఎత్తాల్సి వచ్చింది. చివరికి లైమ్స్ సెక్యూరిటీ అనే ఆస్ట్రియా సంస్థ ఒక పరికరం మెమరీలోంచి ఆ కీని వెలికితీస్తే గాని బయటపడలేదు.

"చూశావా, అందుకే ఇవ్వం" అన్నాడు స్నేహితుడు. నాకు అందులో వేరే సంగతి కనపడింది. ఆ భవనం వాళ్లని ముంచింది తెరిచి ఉన్న పోర్టు, ముందుగా ఎవరూ వేసుకోని తాళం. తర్వాత కాళ్లూ చేతులూ కట్టేసింది తాళంచెవి తమ దగ్గర లేకపోవడం. మావయ్య ఇంటి పరికరాలకి కంపెనీ ఆ కీ వేసిందో లేదో మాకు చెప్పరు. వేసి ఉంటే, రేపు ఆ కంపెనీ మూతపడితే, మా పరిస్థితికీ వాళ్ల పరిస్థితికీ తేడా ఏమిటి? చాలా పరికరాల్లో మామూలు రీసెట్‌తో అది పోదు.

అయినా ఒక బెంగ మిగిలే ఉంది. మావయ్య వైఫై పాస్‌వర్డ్ వంటింటి క్యాలెండర్ వెనక రాసి ఉంటుంది. ఫైలు ఇస్తే దాన్ని భద్రంగా ఉంచడానికని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా పెడతాడు. ఇప్పుడు వచ్చే కేఎన్‌ఎక్స్ సెక్యూర్ (సందేశాలకి రహస్య తాళం వేసే) పరికరాల తాళాలు కూడా ప్రాజెక్టుతోనే ఉంటాయి కాబట్టి అది చిన్న విషయం కాదు. పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు లాకర్లో పెట్టించడం తప్ప నాకు వేరే ఉపాయం తోచలేదు. ఇదేమంత గొప్ప ఉపాయం కాదని నాకూ తెలుసు.

పీడీఎఫ్ వచ్చింది

పోట్లాడగా పోట్లాడగా కంపెనీ గ్రూప్ అడ్రస్‌ల పీడీఎఫ్ ఒకటి పంపింది. తెరిస్తే వరసగా 'లైట్ 1', 'లైట్ 2', 'లైట్ 3', మధ్యమధ్యలో 'స్పేర్', ఒకచోట 'టెస్ట్ న్యూ'. అత్తయ్యతో కలిసి చేసుకున్న మ్యాపే దీనికంటే నయం.

ఇది నా వాదనకే ఎదురుదెబ్బ. ఫైలు ఇచ్చినా లోపల ఇదే ఉంటే ఏం లాభం? కొంత లాభం ఉంది. 2023 నుంచి హోమ్ అసిస్టెంట్ ఈటీఎస్ ప్రాజెక్టు ఫైలుని నేరుగా చదువుకుంటుంది. ఖరీదైన ఈటీఎస్ లైసెన్సు లేకపోయినా ఏ అడ్రస్ ఏ రకమో, ఏ పరికరంలో దేనికి ముడిపడిందో తెలిసిపోతుంది. 13, 145 ముందు "28.5 డిగ్రీలు" అని అదే రాసేస్తుంది. కాని 'లైట్ 7' ఏ గదిదో అదీ చెప్పలేదు. కాబట్టి ఫైలు అడగడంతో పాటు పేర్లు సరిగ్గా పెట్టించుకోవడం కూడా ఇంటివాళ్ల పనే.

ఇంత వాదించాక ఇదే న్యాయం నాకూ వర్తిస్తుంది. రేపు నేను ఊరు మారితే నా హోమ్ అసిస్టెంట్ ఎవరికి అర్థమవుతుంది? అందుకని మావయ్య ఇంట్లో గోడ స్విచ్చుల జోలికి పోలేదు. అవి ఎప్పటిలా రిలేలతో నేరుగా మాట్లాడుకుంటాయి. కంప్యూటర్ చేసేది సోలార్ చూసి గీజర్ వేయడం ఒక్కటే. దాని మెమరీ కార్డు పాడైతే గీజర్ బటన్ నొక్కుకుని స్నానం చేయొచ్చు. బ్యాకప్పు, పాస్‌వర్డు, రాసిన రూలు తెలుగులో ఒక కాగితం మీద ప్రింటు తీసి డీబీ తలుపుకి లోపలివైపు అంటించాను. అది చదివి ఇంకో కుర్రాడు నన్ను అడగకుండా మార్చుకోగలగాలి.

కొటేషన్‌లో రాయించాల్సింది

అదే కమ్యూనిటీలో ఇంకొకాయన కొత్తగా పని మొదలుపెడుతూ మావయ్య ద్వారా నన్నడిగాడు. ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి మాట చెల్లే సమయం అదే. ఆయన కొటేషన్ చివర నేను చేర్పించిన వాక్యాలు ఇవి, కావలసినవాళ్లు వాడుకోండి: "ఆఖరి చెల్లింపుకి ముందు ఈటీఎస్ ప్రాజెక్టు ఫైలు, దాని పాస్‌వర్డు, బీసీయూ కీ వేసి ఉంటే ఆ కీ, సెక్యూర్ పరికరాల కీలు యజమానికి ఇవ్వాలి. ప్రతి గ్రూప్ అడ్రస్‌కి గది పేరు, పని పేరు ఉండాలి. ప్రతి రిలే ఛానల్‌కి స్టేటస్ అడ్రస్ ఇచ్చి, రీడ్ ఫ్లాగ్ పెట్టాలి. కంపెనీ సర్వీసుకి వచ్చి మార్పులు చేసిన ప్రతిసారీ కొత్త ఫైలు ఇవ్వాలి." కంపెనీ చివరి వాక్యానికి మాత్రం విజిట్‌కి అదనపు చార్జీ అడిగింది. ఇచ్చెయ్యమన్నాను.